ముప్పయ్యొక్క మలుపులు, ఒకే సీటు

కి.మీ. 1,48,212. ఆదివారం.

నీళ్ళు సరిపడా ఉన్నాయి. ఆయిల్ పై గీతకు కాస్త తక్కువ. టైర్లలో గాలి నాలుగింటికీ ముప్పై. ఆరు గంటలకు గేటు దాటాను, ఎనిమిదీ నలభైకి తిరిగి వచ్చాను. ముప్పయ్యొక్క మలుపులు ఎక్కి, ముప్పయ్యొక్కటీ దిగాను. పదిహేడో మలుపు దగ్గర కొండ మీద నుంచి మట్టి జారి ఉంది. ముందే రెండో గేరుకి దించాను.

మామూలుగా ఇంతే రాసి పుస్తకం మూసేస్తాను. ఇరవై రెండేళ్ళుగా ఇంతే రాస్తున్నాను. ఇవాళ ఇంకొంచెం రాయాలి. ఒళ్ళు మండుతోంది. ఒళ్ళు మండుతున్నప్పుడు పోపు మాడుతుంది, పాలు పొంగుతాయి. రాస్తే కాస్త కుదురుకుంటాను.

గేటు దగ్గర రోడ్ల పెత్తనం చూసే మార్గమండలి నోటీసు అంటించారు. ఊళ్ళో రోడ్ల మీద చేత్తో నడిపే బండ్లను ఆపేసి ఆరేళ్ళయింది. ఈ అనంతగిరి ఘాట్ మీద మాత్రం ఆదివారం ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకా తొమ్మిది బండ్లకు అనుమతి ఉంది. వచ్చే నెల నుంచి ఒక్కదానికే ఉంటుందట. “అభిరుచి గలవారి నిమిత్తం అత్యుత్తమ వాహనం ఒకటి, దానిని నడుపుటకు నమోదైన వ్యక్తి ఒకరు.” మిగిలిన ఎనిమిదింటికీ స్టీరింగ్ పీకేసి, అందరి బండ్లలాగే తనంతట తానే నడిపే పెట్టె బిగిస్తారు. ఏది అత్యుత్తమమో చేతిబండ్ల సంఘం వాళ్ళు మార్కులు వేసి సిఫార్సు చేయాలి. పరిశీలకురాలు వచ్చి, ఎక్కి చూసి, తేలుస్తుంది. గడువు పధ్నాలుగు రోజులు.

ఒక బండి, ఒక మనిషి. ఆ మనిషిని నేనే కావాలి. ఈ మాట ఇంట్లో ఎవరితోనూ అనలేదు కనక ఇక్కడ రాసుకుంటున్నాను.

కి.మీ. 1,48,212. బుధవారం.

బండి కదలలేదు. నేనే కదిలాను, కాళ్ళతో.

కూరలకు వెళ్దామని పొద్దున్నే వాహినిని, అదే, మనిషి లేకుండా నడిచే ఊరి బండిని పిలిచాను. వీధి చివరికి వచ్చింది, తలుపు తీయలేదు. “ఈ వారం గృహిణుల ప్రయాణాల కోటా పూర్తయింది. ఈ ప్రయాణం అవసరమా?” అని అడిగింది. అవసరమే అన్నాను. “కారణం చెప్పండి.” వంకాయలు అన్నాను. “వంకాయలు ఇంటికి పంపగలం” అంది. పోయిన వారం పంపిన వంకాయల్లో సగం పుచ్చులు. ఆ సంగతి చెప్పాను. అది చల్లగా వెళ్ళిపోయింది. మూడు కిలోమీటర్లు నడిచి వెళ్ళి, నడిచి వచ్చాను.

వచ్చేసరికి హాల్లో సంఘం వాళ్ళు తొమ్మిది మందీ ఉన్నారు. మా ఆయన జోగినాయుడు గారు కార్యదర్శి. అధ్యక్షుడు భాస్కర పట్నాయక్ గారు. ఆయనకు ఆరు సిలిండర్ల ఎర్ర బండి ఉంది. నెలకోసారి దాన్ని గేటు దాకా తెచ్చి, బానెట్ ఎత్తి, అందరికీ ఇంజను చూపించి, మళ్ళీ తీసుకుపోతారు. ఉప్మా చేశాను, కాఫీ పెట్టాను. పట్నాయక్ గారు మార్కుల కాగితం చదువుతుంటే గుమ్మంలో నిలబడి విన్నాను. శక్తికి ముప్పై. అరుదుతనానికి ముప్పై. అసలు విడిభాగాలు అలాగే ఉన్నందుకు నలభై.

“మరి నడిపితే ఎలా ఉంటుందో, దానికి ఎన్నండీ?” అని అడిగాను.

తొమ్మిది మంది తలలూ నా వైపు తిరిగాయి.

“అది మనిషి మనిషికీ మారుతుంది కదా వదినగారూ” అన్నారు పట్నాయక్ గారు. “కొలవగలిగిందే కాగితం మీద పెట్టాలి. నా బండికి మూడువందల ఇరవై హార్స్ పవర్. అది కొలత.”

“ఆ మూడువందల ఇరవైలో ఘాట్ మీద ఎన్ని వాడారు?”

“అంటే?”

“మా మయూరికి ఎనభై ఉన్నాయి. ప్రతి ఆదివారం ఎనభైనీ వాడతాను. మీరు నలభై వాడి, మిగతా రెండువందల ఎనభైనీ ఇంటికి మోసుకుపోతారు.”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పట్నాయక్ గారు కూడా నవ్వేశారు. “వదినగారి కాఫీకి మాత్రం నూటికి నూరు. రాసుకోండయ్యా.”

ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వచ్చాను. ఒక గ్లాసు సింకులో కొంచెం గట్టిగానే పడింది. సొట్ట పడింది.

తర్వాత మాట విడిభాగాల మీదకి పోయింది. మిగతా ఎనిమిది బండ్లలో ఒక్కదానికీ పుట్టినప్పటి సామాను పూర్తిగా లేదు. పట్నాయక్ గారి దానికి గేర్‌బాక్సే మార్చేశారు. అప్పుడు మా ఆయన గొంతు వినిపించింది.

“మా ఇంట్లో అన్నీ ఉన్నాయండీ. కనకం ఏ భాగం మార్చినా పాతది పారెయ్యదు. డబ్బాలో పెట్టి, చీటీ అంటించి, అటక మీద పెడుతుంది. పాత టైర్లు కూడా షెడ్డులో గోనెపట్టాలో చుట్టి ఉన్నాయి.”

తొమ్మిది మందీ తలెత్తి మా అటక వైపు చూశారు. ఒక్క క్షణం నాకు గర్వంగా అనిపించింది. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే కోపం వస్తోంది.

కి.మీ. 1,48,256. ఆదివారం.

నీళ్ళు, ఆయిల్, గాలి అన్నీ సరే. పదిహేడో మలుపు దగ్గర మట్టి ఎత్తేశారు. పైన మంచు ఉంది, దీపాలు వేసుకుని వెళ్ళాను.

మా అత్తగారు పైడమ్మ గారు వెనక సీట్లో కూర్చున్నారు. డెబ్బై తొమ్మిదేళ్ళు. వాహినిలో నాలుగు వీధులు తిరిగితే ఆవిడకు కడుపులో తిప్పుతుంది. అది బ్రేకు ఎప్పుడు వేస్తుందో, ఎందుకు వేస్తుందో లోపల కూర్చున్న వాళ్ళకు తెలియదు. మయూరిలో ముప్పయ్యొక్క మలుపులూ జంతికలు తింటూ వస్తారు.

“ఏటే కనకం, ఈ బండి కూడా పట్టుకుపోతారటే?”

“ఒక్కటి ఉంచుతారట అత్తయ్యా.”

“మనదే ఉంచమను.”

“ఎవరికి చెప్పమంటారు?”

“ఎవడు పట్టుకుపోతాడో ఆడికే చెప్పు. ఎవడికో చెప్తే ఏటి లాభం?”

ఇంటికి వచ్చి బల్ల తుడుస్తుంటే కాగితాల కింద దరఖాస్తు కనిపించింది. మా ఆయన చేతిరాత. వాహనం: మయూరి. నడుపు వ్యక్తి: కె. జోగినాయుడు. సహాయకులు: కె. కనకమహాలక్ష్మి. ఎదురుగా నా పని కూడా రాశారు. శుభ్రం చేయుట, నూనె చూచుట.

ఆయన స్నానం చేసి వచ్చేదాకా ఆ కాగితం పట్టుకుని నిలబడే ఉన్నాను.

“ఇదేటండీ?”

“ఫారం.”

“ఫారమని తెలుస్తోంది. నేనెందుకు కిందున్నాను?”

“సంఘంలో మెంబర్ని నేను కదా కనకం. పట్నాయక్ గారు అలా రాయమన్నారు.”

“మీరు ఆఖరుసారి ఎప్పుడు నడిపారు?”

“నడుం బాగోక ఆపేశాను గాని, రాక కాదుగా.”

పుస్తకం తెచ్చి పేజీ తీశాను. కి.మీ. 1,02,640. పదకొండేళ్ళ కిందట. తొమ్మిదో మలుపు. పిట్టగోడ రాళ్ళు మూడు, ఎడమ దీపం ఒకటి. నడుం నొప్పి ఆ మర్నాడు మొదలైంది. అది కూడా రాసి ఉంది.

“ఆ పుస్తకం ఒకటి” అని తల తుడుచుకున్నారు. “గెలిచాక నువ్వే నడుపుదువు గాని. ఎవరు చూడొచ్చారు?”

“గేటు చూస్తుంది. ముఖం చూసి, పేరుతో సరిపోతేనే తీస్తుందని నోటీసులో ఉంది. మీరు చదవలేదా?”

చదవలేదని ఆయన ముఖమే చెప్పింది. “ముందు బండి మిగలనీ కనకం. పేరు సంగతి తర్వాత చూద్దాం. ఇప్పుడు గొడవ పెడితే బండే పోతుంది” అన్నారు.

ఆ మాటకు జవాబు కోసం రోజంతా వెతికాను. గారెల పిండి రుబ్బుతూ వెతికాను. బండి పోతుందంటే నేను నోరు మూసుకుంటానని ఆయనకు బాగా తెలుసు. అన్నిటికన్నా అదే ఎక్కువ మండింది.

కి.మీ. 1,48,256. శనివారం.

వరసగా రాస్తాను.

ఉదయం తొమ్మిదికి బియ్యం ఆడించడానికి మరకు వెళ్ళాను. అక్కడ క్యూ ఉంది. వచ్చేసరికి పదకొండున్నర. మయూరి నాలుగు ఇటుకల దిమ్మల మీద ఉంది. అటక మీద డబ్బాలన్నీ నేల మీద తెరిచి ఉన్నాయి. సంఘం వాళ్ళు నలుగురు చేతులు కడుక్కుంటున్నారు. పట్నాయక్ గారు తెల్ల బట్టతో డాష్‌బోర్డు తుడుస్తున్నారు.

క్లచ్ మీద నేను బిగించిన చెక్క దిమ్మ తీసేశారు. నేను పొట్టిదాన్ని, ఆ చెక్క లేకపోతే నా కాలు చివరిదాకా అందదు. నా వెడల్పు అద్దం తీసి పాత చిన్న అద్దం పెట్టారు. సీటు కింద దిండు తీసేశారు. ఇవన్నీ ఒక గంటలో మళ్ళీ పెట్టుకోగలను. వంగి చక్రాల వైపు చూశాను. పాత టైర్లు. చక్రాల లోపల, ముందు బ్రేకులకు, పాత రబ్బరు పైపులు.

“చీటీలేవీ?” అని అడిగాను.

“ఏ చీటీలు?”

“డబ్బాల మీదవి.”

“అవి కంపెనీవి కాదు కదా వదినగారూ” అన్నారు పట్నాయక్ గారు. “గీకేశాం. ఇప్పుడు చూడండి, బండి షోరూంలోంచి వచ్చినట్టు లేదూ. నలభైకి ముప్పై ఎనిమిది వేశాను.”

చెత్తబుట్టలో చెయ్యి పెట్టి చీటీలు ఏరాను. ఉల్లిపొట్టు దులిపి, పట్నాయక్ గారి చేతికి ఇచ్చి, పైకి చదవమన్నాను.

“బ్రేకు పైపు, ముందు ఎడమ. తీసినది డెబ్బై ఒక్క వేల మూడువందల కిలోమీటర్ల దగ్గర. కారణం, వేళ్ళతో వంచితే పగుళ్ళు.”

“రెండోది.”

“టైర్లు నాలుగు. కారణం, పక్కల్లో నెర్రెలు.” చదివి, చీటీ మడిచారు. “రేపు ఒక్క పూటే కదమ్మా. ఒక్కసారి ఎక్కి దిగితే చాలు. తర్వాత మీ ఇష్టం వచ్చినవి బిగించుకోండి.”

“ఆ దిగడమే దిగదు అంటున్నాను. మీ కారుకి ఏం టైర్లు వేశారు?”

“ఒరిజినల్. ముప్పై నాలుగేళ్ళుగా విప్పని కవరు నిన్ననే విప్పాను.” ఆయన ముఖం వెలిగిపోయింది. నాకు చలి పుట్టింది.

రబ్బరు బియ్యం కాదు, పాతబడితే బాగుపడటానికి. ఈ సంగతి వంటింట్లో కుక్కర్ వాషరు మార్చే ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది. ఈ తొమ్మిది మందికీ ఇంజను నంబర్లన్నీ నోటికి వచ్చు. వాషరు సంగతి తెలియదు.

మా ఆయన నన్ను పక్కకి తీసుకెళ్ళారు. “కనకం, మార్కులు పడేదాకా మాట్లాడకు. అసలు భాగాలు లేకపోతే మనకి ఇంకేముంది చెప్పు? శక్తి లేదు, అరుదూ కాదు. స్టీరింగ్ పీకేస్తారు.”

“మీ అమ్మగారు రేపు వెనక సీట్లో కూర్చుంటానంటున్నారు. ఆవిడకు చెప్పండి ఈ మాట.”

పట్నాయక్ గారింట్లో భోజనాలని అందరితో కలిసి వెళ్ళిపోయారు.

స్టీరింగ్ పోవడమా, పైపు తెగి మనుషులు పోవడమా. చెత్తబుట్ట పక్కన పీట వేసుకుని పది నిమిషాలు కూర్చున్నాను. పదకొండో నిమిషంలో జాకీ తీశాను.

పన్నెండున్నరకి మొదలుపెట్టాను. టైర్లు గంటలో అయ్యాయి. పైపులు రెండూ మార్చాను. తర్వాత బ్రేకుల్లో గాలి తీయాలి. దానికి ఇద్దరు కావాలి, ఒకరు పెడల్ తొక్కుతుంటే ఒకరు కింద నట్టు విప్పి మూయాలి. ఇంట్లో ఇంకెవరూ లేరు. అత్తయ్యను చెయ్యి పట్టుకుని తెచ్చి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాను.

“తొక్కండి అత్తయ్యా.”

“తొక్కేను.”

“వదలకండి.”

“ఎంతసేపే? నాకేటి ఏనుగు కాళ్ళా?”

“నేను చెప్పేదాకా.”

“మీ మావగారి కాళ్ళు కూడా నానింత సేపు నొక్కలేదే తల్లీ.”

చక్రం కింద పడుకుని నవ్వాను. వారమంతా అదొక్కటే నవ్వు. నాలుగున్నరకి పెడల్ గట్టిపడింది. అద్దం, దిండు, చెక్క దిమ్మ వాటి చోట్లకు వచ్చాయి. పాత సామాను మళ్ళీ డబ్బాల్లో సర్ది, కొత్త చీటీలు అంటించాను.

మా ఆయన వచ్చి చూశారు. చేతులు నడుం మీద పెట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. అన్నం వడ్డిస్తే తిని పడుకున్నారు.

కి.మీ. 1,48,300. ఆదివారం.

ఐదూ ముప్పావుకి గేటు దగ్గర తొమ్మిది బండ్లూ వరసలో ఉన్నాయి. పరిశీలకురాలి పేరు ఇందుమతి. ముప్పై దాటి ఉండవు. చేత్తో నడిపే బండి ఎప్పుడూ ఎక్కలేదని తనే చెప్పింది. సంఘం కాగితం ఆమె చేతిలో ఉంది. నేను దగ్గరకు వెళ్ళి, మయూరికి నిన్న ఏమేం మార్చానో, ఎందుకు మార్చానో చెప్పాను. పట్నాయక్ గారు పెన్ను తీసి ముప్పై ఎనిమిది కొట్టేసి తొమ్మిది వేశారు.

“చేజేతులా పాడుచేసుకున్నారు వదినగారూ” అన్నారు. నిజంగానే బాధపడ్డారు. అదే విచిత్రం.

దరఖాస్తులో పేరు ఉంది కనక డ్రైవరు సీట్లో మా ఆయన కూర్చున్నారు. ఆయన కాళ్ళు పొడుగు, చెక్క దిమ్మ ఆయనే విప్పి నా చేతికి ఇచ్చారు. అత్తయ్యా నేనూ వెనక. చెక్క ఒళ్ళో పెట్టుకున్నాను.

ఎర్ర బండి ముందు బయలుదేరింది, ఇందుమతి దాన్లోనే ఉంది. ఆ మోత కొండంతా వినిపించింది. ఏడో మలుపులో టైరు పై పొర చెప్పు అట్టలాగ ఊడి గాలిలోకి ఎగిరింది. బండి కొండ వైపు కాలవలోకి జారి ఆగింది. అవతలి వైపు జారి ఉంటే ఈ పేజీ ఇంకోలా ఉండేది. ఇద్దరికీ దెబ్బలు తగల్లేదు. పట్నాయక్ గారు దిగి, ఆ రబ్బరు ముక్క చేతిలోకి తీసుకుని, తిప్పి తిప్పి చూశారు. వెనక ఉన్న ఏడుగురూ తమ టైర్ల వైపు చూసుకున్నారు. అన్నీ మార్కుల కోసం బిగించిన పాతవే. ఎవరూ ముందుకు కదలలేదు.

ఇందుమతి బట్టలకు అంటిన కాలవ మట్టి దులుపుకుని వచ్చి మా ముందు సీటు తలుపు తీసింది. “పని పూర్తి చేయాలి కదండీ” అంది. ఆ పిల్ల అప్పుడే నాకు నచ్చింది.

మా ఆయన ఎక్కించారు. నాలుగుసార్లు బండి ఆగిపోయింది. ఇరవయ్యో మలుపు దాటాక క్లచ్ కాలిన వాసన వచ్చింది. పై వ్యూపాయింట్ దగ్గర ఆపాక ఆయన చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది.

“ఈ బండి అత్యుత్తమం అని ఎందుకు అంటున్నారు?” ఇందుమతి కాగితం చూస్తూ అడిగింది.

“ఒకే కుటుంబం చేతిలో ఉంది. ఇంజను నంబరు, చాసిస్ నంబరు సరిపోతాయి” అని మా ఆయన మొదలుపెట్టారు. ఆమె రాసుకోలేదు. వెనక్కి తిరిగి, “మీరు చెప్పండి” అంది.

చెప్పాను. ఇరవై రెండేళ్ళలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న కనక కొంచెం ఎక్కువే చెప్పాను.

“ఇది తేలిక బండి. ఎనిమిదివందల కిలోలు దాటదు. అందుకే దీనికి చిన్న బ్రేకులు చాలు, చిన్న ఇంజను చాలు. స్టీరింగ్‌కి మోటారు సాయం లేదు. రోడ్డు తడిగా ఉంటే చక్రం చేతిలో తేలిపోతుంది, ఇసక ఉంటే గరగరమంటుంది. కళ్ళు చూడకముందే వేళ్ళకు తెలుస్తుంది. కిటికీలు పెద్దవి, బండి నాలుగు మూలలూ ఎక్కడున్నాయో కూర్చున్న చోటి నుంచి కనిపిస్తుంది. పాడైతే పది స్పానర్లతో నేను బాగుచేసుకోగలను. తప్పు చేస్తే ముందు చిన్నగా చెబుతుంది. అప్పుడూ వినకపోతే గట్టిగా చెబుతుంది. ఎర్ర బండి చెప్పదు. ఒక్కసారే చేసేస్తుంది. మీ వాహిని అసలు మాట్లాడదు. మాట్లాడితే వంకాయలు అవసరమా అంటుంది.”

ఆమె నవ్వలేదు. రాసుకుంది.

“మీకు ఎందుకు ఇంత కోపం?” అని అడిగింది.

“తొమ్మిది బండ్లు మూడు గంటల సేపు తిరిగితే మీకు వచ్చిన నష్టం ఏమిటో ఎవరూ చెప్పలేదు. చెప్పకుండా, మాలో మేమే కొట్టుకుని ఒకరు మిగలమన్నారు. అందుకు.”

ఆమె అది కూడా రాసుకుంది.

దిగడం మొదలైంది. మా ఆయన గేరు తీసేసి, బ్రేకు మీదే దింపుతున్నారు. ఇరవై నాలుగో మలుపు దగ్గర ఘాటు వాసన వచ్చింది.

“రెండో గేరు వెయ్యండి” అన్నాను.

వేయబోయారు. గరగరమంది, పడలేదు. బ్రేకు తొక్కితే పెడల్ సగం దాకా దిగింది. ఎలాగో హ్యాండ్ బ్రేకు లాగి, కొండ వైపు అంచుకు ఆపారు. ముందు చక్రాల నుంచి సన్నగా పొగ. పాత పైపులతో ఉంటే ఈ పాటికి ఎక్కడ ఉండేవాళ్ళమో ఆయనకు అర్థమైంది. వెనక నుంచి ఆయన మెడ చూస్తేనే తెలిసింది.

“చల్లారాలి” అన్నాను. “ఇరవై నిమిషాలు.”

ఇరవై నిమిషాలు కూర్చున్నాం. వాసన తగ్గింది, పెడల్ మళ్ళీ గట్టిపడింది. ఆయన సీటు దిగి, నా వైపు తలుపు తీశారు.

“కనకం, నువ్వు రా.”

“ఏ హోదాలో అండీ? నూనె చూడటానికా?”

“ఇప్పుడా ఆ మాట?”

“ఇప్పుడే. దీన్ని దింపేది ఒక్కరే అని నోటీసు. పేరు ఎవరిదుందో వాళ్ళే దింపాలి. మీరు దింపండి, నేను కదలను.”

“అమ్మ ఉంది వెనక.”

“నిన్న కూడా ఉన్నారు. నిన్న చెప్పాను.”

ఆయన మొండికేస్తే ఏం చేయాలో నాకు తెలియదు. అత్తయ్య ముందుకు వంగి, కొడుకు భుజం మీద రెండు వేళ్ళతో తట్టారు.

“ఒరే జోగీ. నీకు రాదని నాకు తెల్సు, దానికి తెల్సు, ఇప్పుడీ అమ్మాయికీ తెలిసిపోనాది. ఇంక ఎవర్నుంచి దాస్తావురా? ఎనక్కొచ్చి కూకో.”

ఆయన రోడ్డు మీద నిలబడి, కింద కనిపిస్తున్న లోయ వైపు చూశారు. పదకొండేళ్ళలో ఆయన ముఖం అలా ఎప్పుడూ చూడలేదు. తర్వాత కిటికీ దగ్గరకు వచ్చి, ఇందుమతిని దరఖాస్తు అడిగారు. బానెట్ ఇంకా వేడిగా ఉంది. కాగితాన్ని దాని మీద పెట్టి, తన పేరు అడ్డంగా కొట్టేశారు. “కె. కనకమహాలక్ష్మి” అని పైన రాశారు. కింద నా పేరు కొట్టి, తన పేరు రాసుకున్నారు. ఎదురుగా ఉన్న పని మార్చలేదు. సంతకం పెట్టి, వెనక సీట్లో తల్లి పక్కన కూర్చున్నారు.

నేను దిగి, చెక్క దిమ్మ బిగించుకున్నాను. దిండు సర్దుకున్నాను. రెండో గేరులో పెట్టి, ఇంజను మీదే బండిని వదిలాను. మలుపుకి ముందు ఒక్కసారి బ్రేకు తాకించడం, మలుపులో ఏమీ చేయకపోవడం, దాటాక కాస్త యాక్సిలరేటర్. అంతే పని. ఇరవై మూడు, ఇరవై రెండు, ఇరవై ఒకటి. మొదట తలుపు పిడి పట్టుకుని కూర్చున్న ఇందుమతి పదో మలుపు దగ్గర చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. వెనక జంతికలు నమిలే చప్పుడు వినిపించింది.

గేటు దగ్గర దిగుతూ ఆమె సంఘం మార్కుల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. “దీని అవసరం లేదు” అంది.

కి.మీ. 1,48,344. ఆదివారం.

నీళ్ళు, ఆయిల్ సరే. క్లచ్ ప్లేటు మార్చాల్సి వచ్చింది, అది మా ఆయన ఖాతా. ఆయనే పక్కన నిలబడి స్పానర్లు అందించారు. పదమూడు అడిగితే పన్నెండు ఇచ్చారు. మొత్తానికి అందించారు.

ఉత్తర్వు మంగళవారం వచ్చింది. మయూరి ఉంటుంది, నడిపేది నేను. గురువారం లారీ వచ్చింది. ఎనిమిది బండ్ల స్టీరింగులూ పీకి, ఒక గోతంలో వేసుకుపోయారు. గోతం మూతి కట్టడానికి కూడా ఆగలేదు.

గెలిస్తే కోపం పోతుందనుకున్నాను. పోలేదు. దిక్కు మారింది, అంతే. ఆ రోడ్డు ఇరవై రెండు కిలోమీటర్లు. తొమ్మిది బండ్లకూ సరిపోయేది. తొంభైకీ సరిపోయేది. మార్గమండలికి ఉత్తరం రాశాను. ఎందుకు ఒక్కటే అని అడిగాను. జవాబు రాకపోతే వచ్చే మంగళవారం మళ్ళీ రాస్తాను. ఆ పై మంగళవారం కూడా.

ఈ ఉదయం గేటు దగ్గర పట్నాయక్ గారు నిలబడి ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, చేతికి నడిపేటప్పుడు వేసుకునే తోలు తొడుగులు. ఎక్కించుకోమని అడిగారు, ఎక్కించుకున్నాను. పైదాకా ఆయన ఇంజను నంబరు అడగలేదు. దిగేటప్పుడు ఇరవయ్యో మలుపు ముందు మెల్లగా అన్నారు.

“కనకమహాలక్ష్మి గారూ, ఒక్క మలుపు. ఒక్కటి నన్ను తిప్పనివ్వండి. ఇక్కడ చూసే వాళ్ళెవరూ లేరు.”

ఆయన నన్ను పూర్తి పేరుతో పిలవడం అదే మొదటిసారి. ఆయన చేతుల వైపు చూశాను. తొడుగుల్లో వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి, లేని చక్రాన్ని పట్టుకున్నట్టు.

ఇవ్వాలనిపించింది. నిజంగా అనిపించింది. పట్టుబడితే ఈ ఒక్క బండీ పోతుంది.

“ఇవ్వలేనండీ” అన్నాను.

ఆయన తల ఊపి కిటికీ వైపు తిరిగారు. నేను రెండో గేరుకి దించి, ఇరవయ్యో మలుపు తిప్పాను. ఎంత బాగా తిప్పగలనో అంత బాగా తిప్పాను. పక్కనున్న మనిషి ఏడుస్తున్నట్టు తెలుస్తూనే ఉంది.